హంస రాకుమారియు, అలసిన గాయనియు

పల్నాటిసీమలో మాంచాల పేరు వినని ఇల్లు అరుదు. కారెంపూడి యుద్ధమునకు బోవు బాలచంద్రునకు ఖడ్గ మందించిన ఇల్లాలుగా వీరవిద్యావంతులు ఆమెను కీర్తింతురు. కాని ఆ ఖడ్గమునకు ముందు ఆమె దినము లెట్లు గడచెనో అడుగువారు కొలదిమంది. భార్యను గాథలో నిలిపినంత మాత్రమున ఆమెను ఎరిగినట్లగునా? ఈ ప్రశ్నను మనసున నుంచుకొని రష్యా దేశపు చిత్రములు రెండింటిని చూతము.

కంటికి గనబడు రూపముచేత కానరాని భావమును సూచింపబూనిన ప్రతీకవాద చిత్రకారులలో మిఖాయిల్ వ్రూబెల్ (1856–1910) ప్రసిద్ధుడు. అతడు 1896లో నాదెజ్దా జబేలా అను గాయనిని వివాహమాడెను. 1900లో రిమ్‌స్కీ-కోర్సకోవ్ కూర్చిన ‘జారు సాల్తాను కథ’ యను సంగీతనాటకము మాస్కోలో తొలిసారి ప్రదర్శింపబడినపుడు హంస రాకుమారిగా పాడినది ఆమెయే, రంగాలంకరణము భర్తది. ఆ యేటనే అతడు ‘హంస రాకుమారి’ చిత్రమును రచించెను.

సంజవేళ సముద్రము. తెల్లని రెక్కలుగల కన్య మరలిపోవుచు భుజము మీదుగా వెనుదిరిగి చూచును. శిరమున మణిమయ కిరీటము. విశాలములైన కన్నులలో చెప్పరాని దిగులు. స్త్రీ యెచట ముగిసి పక్షి యెచట మొదలగునో తెలియదు. రూపాంతరమను భావమును రంగులలో ఇంత చక్కగా జెప్పిన చిత్రము నాకు వేరొకటి తోచదు.

అయినను ఒక కొరత కలదు. ఆ వదనము జబేలాది కాదని పలువురు చెప్పియున్నారు. ఆ వేషముతో ఆమె తీయించుకొన్న ఛాయాచిత్రముతో పోల్చిన, పోలిక అంతగా కుదరదు. పాత్రమునకు ప్రాణము పోసిన కంఠ మామెది. పటముపై నిలిచినది చిత్రకారుని స్వప్నము. ఇందు ఆరాధన యున్నది, పరిచయము లేదు.

1905లో అతడామెను మరల చిత్రించెను. ఈ నడుమ, 1901లో పుట్టిన వారి కుమారుడు 1903లో మరణించెను. వ్రూబెల్ మతి చలించి చికిత్సాలయముల పాలయ్యెను. జబేలా పీటర్స్‌బర్గులోని మారీన్‌స్కీ నాటకశాలలో పాడుచుండెను. ‘సంగీతసభ యనంతరము’ అను ఈ చిత్రమున రెక్కలు లేవు, కిరీటము లేదు. పాడి యలసి వచ్చిన స్త్రీ చలిమంట చెంత మేను వాల్చియున్నది. చిత్రము ముగియనైన లేదు. కాని ఇందు భార్య యున్నది. ఆమె పనియు, ఆమె అలసటయు నున్నవి. మరుసటి యేట అతని చూపు పోయెను. చూపు పోకముందే అతడు ఆమెను చూడగలిగెను.

మన రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు (1897–1925) పురాణ ఘట్టములను చిత్రించెను. అతని యింట భార్య సత్యవాణియు, సోదరి బుచ్చికృష్ణమ్మయు తామే కుంచె పట్టిరి. వారు చిత్రమునకు వస్తువులు మాత్రమే కారు, కర్త్రులు కూడ.

ఇల్లాలిని గృహలక్ష్మి యని పొగడుట సులభము. అందులకు మాట యొక్కటి చాలును. పని ముగించి అలసి వచ్చిన ఆమెకు పీట వేసి, నేటి పని యెట్లు జరిగినదని అడుగుటకు మనసు కావలెను. మొదటిది హంస రాకుమారి చిత్రము, రెండవది అలసిన గాయని చిత్రము. మన యిండ్లలో మొదటిది చాలకాలముగా నున్నది. రెండవదానికి చోటు చేయవలసి యున్నది.