పౌనుకు ఒక్క సెంటు

మనుషుల అక్రమ రవాణాను ఆపడానికి యూనివర్సిటీ విద్యార్థులు ఏం చేయగలరని అడిగితే వచ్చే జవాబులు మనకు తెలిసినవే. ర్యాలీ తీస్తారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు, వీధి నాటిక వేస్తారు, పోస్టర్ల పోటీ పెడతారు. వీటిలో తప్పు పట్టాల్సిందేమీ లేదు. కాకపోతే వీటివల్ల కూలీలను బంధించి పని చేయించుకునే మేస్త్రీకి పైసా నష్టం రాదు. అమెరికాలో స్టూడెంట్ ఫార్మ్‌వర్కర్ అలయన్స్ అనే విద్యార్థి సంఘం 2000లో మొదలై, సరిగ్గా ఆ నష్టం మీదే గురిపెట్టింది. ఆవేశంలో వాళ్లకు సాటివచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్ల పనితనానికి సాటి మాత్రం అరుదు.

ఈ కథ నడిచింది ఫ్లోరిడా రాష్ట్రం నైరుతి మూలన ఉన్న ఇమోకలీ అనే చిన్న ఊళ్లో. చలికాలంలో అమెరికా తినే తాజా టమాటాలో పెద్ద వాటా ఫ్లోరిడాదే. తెల్లవారకముందే గ్వాటెమాలా, మెక్సికో, హైతీల నుంచి వచ్చిన కూలీలు ఊరి నడుమ ఉన్న పార్కింగ్ స్థలానికి చేరేవాళ్లు. మేస్త్రీలు తమకు కావలసినవాళ్లను ఏరుకుని పాత బస్సుల్లో ఎక్కించుకుని తోటలకు తీసుకుపోయేవాళ్లు. కూలి బకెట్ లెక్కన. ఒక్కో బకెట్‌లో 32 పౌన్ల కాయ, అంటే పద్నాలుగున్నర కిలోలు. దానికి ఇచ్చేది 40, 45 సెంట్లు. రోజుకు 50 డాలర్లు కళ్లచూడాలంటే 125 బకెట్లు కోసి, భుజాన మోసి, లారీ మీదికి ఎత్తి ఇవ్వాలి. బరువు పద్దెనిమిది వందల కిలోలు దాటుతుంది.

ఇది మామూలు రోజుల సంగతి. చెడ్డ తోటల్లో ఇంతకన్నా ఘోరం. 1997లో శిక్ష పడిన ఒక కేసులో నాలుగు వందల మందికి పైగా కూలీలను తుపాకుల కాపలాలో పెట్టి పని చేయించారు. ఇద్దరు మేస్త్రీలు చెరో 15 ఏళ్లు జైలుకు పోయారు. 2007 నవంబరులో ఇమోకలీలోనే సరుకు లారీలో పెట్టి తాళం వేసిన కూలీలు పైకప్పు దగ్గరున్న గాలి రంధ్రాన్ని పగలగొట్టుకుని బయటపడ్డారు. అక్కడ తిండికి ఒక లెక్క, పడుకోవడానికి ఒక లెక్క. పెరట్లో రబ్బరు పైపుతో స్నానం చేస్తే దానికి 5 డాలర్లు. ఎంత పని చేసినా అప్పు తీరేది కాదు. బయానా తీసుకుని వలసపోయి, ఏడాది తిరిగినా మేస్త్రీ పద్దులో బాకీ మిగిలే పాలమూరు కూలీల బతుకు తెలిసిన తెలుగు పాఠకులకు ఈ లెక్క విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇమోకలీ కూలీలు 1993లో ఒక చర్చి గదిలో కూడి సంఘం పెట్టుకున్నారు. దాని పేరు కోయలిషన్ ఆఫ్ ఇమోకలీ వర్కర్స్. సమ్మెలు చేశారు, నిరాహార దీక్షలు పట్టారు, వెట్టి నడుస్తున్న తోటల గుట్టు బయటపెట్టి ఫెడరల్ అధికారులకు సాక్ష్యాలు అందించారు. ఒక మేస్త్రీ జైలుకు పోతే ఇంకొకడు పుట్టుకొచ్చేవాడు. ఎందుకని ధర వెంట నడుచుకుంటూ పైకి వెళ్లి చూశారు. పెద్ద ఫాస్ట్‌ఫుడ్ కంపెనీలు, సూపర్‌మార్కెట్లు టన్నులకొద్దీ ఒకేసారి కొంటూ ధర తొక్కిపెడతాయి. ఆ ఒత్తిడి రైతు యజమాని మీద, అతని నుంచి మేస్త్రీ మీద, చివరికి కూలీ మీద పడుతుంది. కాబట్టి పట్టుకోవలసింది పైవాణ్ణి. ఆ పైవాడు భయపడేది ఎవరికి? కొనేవాళ్లకి. టాకో బెల్ లాంటి కంపెనీ కన్నేసిన కొనుగోలుదారులు పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగేళ్లవాళ్లు. విద్యార్థులు ఇందులోకి వచ్చింది ఈ దారినే.

2001 ఏప్రిల్‌లో కూలీ సంఘం టాకో బెల్ బహిష్కరణ ప్రకటించింది. కూలీలు బస్సులు కట్టుకుని దేశమంతా తిరుగుతూ క్యాంపస్‌లలో తమ గోడు చెప్పుకున్నారు. కంపెనీ టీవీ ప్రకటనల్లో ఒక చిన్న కుక్క ‘నాకు టాకో బెల్ కావాలి’ అని స్పానిష్‌లో అనేది. విద్యార్థులు అదే మాటను ‘వద్దు’ అని తిప్పి చొక్కాల మీద అచ్చు వేసుకున్నారు. నినాదం సరదాగా ఉంది, జనం నోళ్లలో నానింది. అసలు పని మాత్రం కాగితాల దగ్గర జరిగింది. యూనివర్సిటీ ఆవరణలో దుకాణం నడవాలంటే యాజమాన్యంతో ఒప్పందం ఉండాలి. దానికి గడువు ఉంటుంది, పునరుద్ధరణ తేదీ ఉంటుంది, సంతకం చేసే అధికారి ఉంటాడు. విద్యార్థులు ఆ ఒప్పందాల గురించి ఆరా తీశారు, విద్యార్థి సభల్లో తీర్మానాలు పెట్టారు, అధికారుల గదుల ముందు కూర్చున్నారు. ఇరవైకి పైగా విద్యాసంస్థల్లో టాకో బెల్ దుకాణం మూతపడింది, లేదా రాకముందే ఆగిపోయింది. నోటర్‌డేమ్ యూనివర్సిటీలో ఫుట్‌బాల్ ప్రాయోజకత్వమే నిలిచిపోయింది.

ఇక్కడ మెచ్చుకోవలసిన మొదటి నేర్పు, తమ చేయి ఎంతవరకు అందుతుందో తెలిసి ఉండడం. ఇరవై ఏళ్ల కుర్రాడు ఫ్లోరిడా తోటలోకి వెళ్లి బందీని విడిపించలేడు. విడిపించబోతే ఆ బందీకే ముప్పు. తాను రోజూ తినే క్యాంటీన్ కాంట్రాక్టును మాత్రం అతను కదిలించగలడు.

రెండో నేర్పు, తమ స్థానం ఎరిగి నిలబడడం. కూలీల తరఫున మేం మాట్లాడతాం అని విద్యార్థులు అనలేదు. డిమాండ్లు కూలీలు రాశారు, సంప్రదింపులకు కూలీలు కూర్చున్నారు. 2003లో కాలిఫోర్నియాలోని ఇర్వైన్‌లో, టాకో బెల్ ప్రధాన కార్యాలయం ఎదుట పది రోజుల నిరాహార దీక్ష జరిగినప్పుడు విద్యార్థులు కూలీల పక్కన కూర్చుని పస్తులున్నారు. ఏటా ఇమోకలీకి వెళ్లి, వచ్చే ఏడాది ఏం చేయాలో కూలీల సమక్షంలోనే తేల్చుకునేవాళ్లు. సాయానికి వెళ్లినవాళ్లు పెత్తనానికి దిగడం ఉద్యమాల్లో పాత జబ్బు. దానికి వీళ్లు ముందే మందు వేసుకున్నారు.

మూడోది, కోరిక ఎంత చిన్నదో అంత గట్టిగా చెక్కడం. పౌనుకు ఒక్క సెంటు ఎక్కువ ఇవ్వండి, అది నేరుగా కూలీకి చేరాలి. ఇంతే. 32 పౌన్ల బకెట్ మీద అది 32 సెంట్లు. 45 సెంట్ల కూలి పక్కన పెట్టి చూడండి, దాదాపు ముప్పాతిక వంతు పెరుగుదల! కంపెనీకి మాత్రం లెక్కలో కనపడని ఖర్చు. కాదనడానికి వంక దొరకని కోరిక ఇది. దాని వెనకే రెండు షరతులు: తోటల్లో ప్రవర్తనా నియమావళి ఉండాలి, దాని అమలులో కూలీలకు పాలు ఉండాలి. 2005 మార్చిలో టాకో బెల్ ఒప్పుకుంది. 2007లో మెక్‌డొనాల్డ్స్ ఒప్పుకుంది.

ఈ పని ఎంత గట్టిగా తగిలిందో ఎదుటిపక్షమే చాటింది. 2008లో బర్గర్ కింగ్ పెట్టుకున్న ఒక ప్రైవేటు డిటెక్టివ్ సంస్థ యజమానురాలు విద్యార్థినినని చెప్పి ఈ సంఘంలోకి చొరబడబోయి దొరికిపోయింది. చందాలతో నడిచే కుర్రకారు సంఘం మీద అంత పెద్ద కంపెనీ తరఫున గూఢచర్యం! ఆ మే నెలలోనే బర్గర్ కింగ్ సంతకం పెట్టింది.

తర్వాతి ఎత్తు ఇంకా సూటిగా ఉంది. క్యాంపస్ భోజనశాలలు నడిపేది కాంపస్, ఆరామార్క్, సొడెక్సో లాంటి భారీ కేటరింగ్ సంస్థలు. అక్కడ తినేవాళ్లే తగువు పెట్టుకుంటే కాంట్రాక్టుకే ఎసరు. 2009 సెప్టెంబరు నుంచి 2010 ఆగస్టు లోపు మూడూ ఒప్పందానికి వచ్చాయి. అప్పటిదాకా రైతు యజమానుల సంఘం మొండికేసి, ఆ అదనపు సెంటును కూలీకి చేరవేసే సభ్యులకు లక్ష డాలర్ల జరిమానా అని బెదిరిస్తూ వచ్చింది. కొనేవాళ్లు ఒక్కొక్కరే అటు చేరుతూ పోయాక 2010 నవంబరులో అదీ దిగివచ్చింది. ఫ్లోరిడా టమాటా తోటల్లో తొంభై శాతం ఫెయిర్ ఫుడ్ ప్రోగ్రామ్ కిందికి వచ్చాయి.

ఆ నియమావళిలో ఒక్క నియమాన్ని దగ్గరగా చూస్తే చాలు, ఇది ఎవరు రాశారో తెలిసిపోతుంది. పూర్వం మేస్త్రీ బకెట్ అంచు దాటి గోపురంలా పోగేస్తేనే టోకెన్ ఇచ్చేవాడు. ఆ పైన పోసిన కాయకు కూలి లేదు. ఇప్పుడు అంచువరకు నిండితే చాలు, గోపురం అడగకూడదు. దీనివల్ల ఒక్కో బకెట్‌కు పదో వంతు కాయ మిగులుతుంది. ఆఫీసులో కూర్చున్న నిపుణుడికి తట్టే సంగతి కాదిది. వంగి కోసినవాడికే తెలుస్తుంది. అలాగే గడియారం మీద హాజరు, ఎండలో నీడ పందిరి, పని వేళలోనే కూలి ఇస్తూ కూలీల చేతే కూలీలకు హక్కుల పాఠాలు, ఇరవై నాలుగు గంటలూ పలికే ఫోను. తనిఖీకి న్యూయార్క్ మాజీ న్యాయమూర్తి లారా సేఫర్ ఎస్పినోజా సారథ్యంలో ప్రత్యేక సంస్థ ఏర్పడింది. తోటలో వెట్టి చాకిరీ గానీ లైంగిక దాడి గానీ జరిగి యజమాని దాన్ని సరిదిద్దకపోతే, ఒప్పందంలో ఉన్న కంపెనీ ఏదీ అతని కాయ కొనదు. పోలీసు వచ్చేదాకా ఆగనక్కరలేదు, బేరం ముందే ఆగిపోతుంది. మేస్త్రీ మీద నిఘా పెట్టడం యజమానికే లాభమయ్యేలా అల్లిన ఏర్పాటు ఇది. 2015లో మనుషుల అక్రమ రవాణా నిరోధానికిచ్చే అమెరికా అధ్యక్ష పురస్కారం ఇమోకలీ కూలీల సంఘానికి దక్కింది.

పని పూర్తయిందని మాత్రం ఎవరూ అనరు. ఏర్పాటు బయట ఉన్న తోటల్లో పాత కథే నడుస్తోంది. మెక్సికో నుంచి వీసా మీద తెచ్చిన కూలీలను బంధించి పని చేయించుకున్న ఒక కాంట్రాక్టరుకు 2022లో దాదాపు పదేళ్ల శిక్ష పడింది. వెండీస్ కంపెనీ ఇప్పటికీ సంతకం పెట్టలేదు. 2016లో దానిమీద బహిష్కరణ మొదలైంది. మరుసటి ఏడాది ఒహాయో స్టేట్ యూనివర్సిటీ విద్యార్థులు తమ ఆవరణలోని వెండీస్ ఒప్పందం రద్దు చేయాలని పస్తులున్నారు. కంపెనీల దగ్గర ఉన్న పెద్ద ఆయుధం కాలయాపన. విద్యార్థి నాలుగేళ్లలో డిగ్రీ పుచ్చుకుని వెళ్లిపోతాడు. ఆగితే చాలు, అలజడి దానంతట అదే చల్లారుతుంది. దీనికి విరుగుడుగా సంఘం వేర్లు క్యాంపస్‌లో కాక ఇమోకలీలో పాతుకున్నాయి. పట్టా పుచ్చుకున్నవాళ్లు కొందరు అక్కడే ఉండిపోయి కొత్త బ్యాచ్‌కు పని నేర్పుతారు.

ఒహాయో స్టేట్ లాంటి యూనివర్సిటీల్లో ఇవాళ తెలుగు పిల్లలు పెద్ద సంఖ్యలో చదువుతున్నారు. వాళ్లు కొనే సబ్‌వే శాండ్‌విచ్‌లోనూ, చిపోట్లే గిన్నెలోనూ ఉన్న టమాటా వెనక ఇలాంటి సంతకాలే ఉన్నాయి. ఇక్కడ మన దగ్గరా పని ఉంది. ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి బయానా మీద కుటుంబాలకు కుటుంబాలు తెలంగాణ ఇటుక బట్టీలకు వస్తున్నాయి. యూనివర్సిటీల్లో కొత్త హాస్టళ్లు లేస్తూనే ఉంటాయి. ఆ ఇటుక ఏ బట్టీది, అక్కడ కూలి ఎవరి చేతికి అందుతోంది, టెండరు షరతుల్లో దాని మాట ఉందా అని అడగడానికి ఏ విద్యార్థికైనా హక్కుంది. జవాబు సమాచార హక్కు దరఖాస్తు దూరంలో ఉంటుంది. కొవ్వొత్తి పట్టుకోవడానికి ముందు ఆ టెండరు కాగితం పట్టుకోవడం నేర్చుకోవాలి.