కడిగిన నీళ్లు ఎటు పోతాయి?

కాజీపల్లి, బొల్లారం, గడ్డపోతారం వైపు మందుల కంపెనీల ల్యాబుల్లో సోనికేటర్ (శబ్ద తరంగాలతో వస్తువులు కడిగే తొట్టి) లేని చోటు అరుదు. 'ఇందులో ఏ లిక్విడ్ పోయాలి సార్?' అని కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుంటారు. ఒక పేరు చెబితే చాలనుకుంటారు. నేను మూడు ప్రశ్నలు ఎదురడుగుతాను. అంటుకున్న మురికేంటి? కడిగే వస్తువు దేంతో చేసింది? కడిగాక ఆ నీళ్లు ఎటు పోతాయి?

అసలు పని చేసేది శబ్దం. తొట్టి అడుగున బిగించిన ట్రాన్స్‌డ్యూసర్లు సాధారణంగా సెకనుకు 40,000 సార్లు నీటిని కదిలిస్తాయి. సూక్ష్మమైన బుడగలు పుట్టి, అక్కడికక్కడే కుప్పకూలుతాయి. ఆ దెబ్బకు మురికి ఊడుతుంది. మాత్రలు కొట్టే పంచ్ మొన మీద చెక్కిన అక్షరాల గాడుల్లో బ్రష్ దూరదు. అక్కడ ఇరుక్కున్న మందు పొడి తెల్లగా విడివడి నీళ్లలో కలిసిపోవడం వంగి చూస్తే కనిపిస్తుంది. లిక్విడ్ చేయాల్సిందల్లా నీటి తలతన్యత తగ్గించి తడి లోపలిదాకా పాకేలా చేయడం, ఊడిన మురికి మళ్లీ అంటకుండా పట్టి ఉంచడం. నీళ్లు మార్చిన ప్రతిసారీ, వస్తువులు వేయకముందే కాసేపు యంత్రాన్ని నడపాలి. నీటిలో కరిగిన గాలి పోతే తప్ప దెబ్బలో బలం ఉండదు.

ఇక మొదటి రెండు ప్రశ్నలు. జిడ్డు గిన్నెకు బూడిద, ఇత్తడి చెంబుకు చింతపండు వాడిన మన అమ్మమ్మలకు ఈ రసాయనశాస్త్రం చేతిలోనే ఉంది. నూనె, గ్రీజు అయితే క్షార ద్రావణం. సున్నపు పొర, తుప్పు అయితే సిట్రిక్ యాసిడ్ లాంటి ఆమ్లం. కానీ గాఢ క్షారం అల్యూమినియాన్ని తినేస్తుంది. బ్లీచింగ్, హైడ్రోక్లోరిక్ యాసిడ్ స్టీలు తొట్టికే గుంటలు పెడతాయి. అసిటోన్, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) నేరుగా తొట్టిలో పోయడం నిప్పుతో చెలగాటం. పంచ్‌ల మీది మందు పొడికి చాలాసార్లు తటస్థ డిటర్జెంటు, గోరువెచ్చని నీళ్లు సరిపోతాయి. ఆఖర్న డీఎం (ఖనిజాలు తీసేసిన) నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి, నూనె పూయాలి.

మూడో ప్రశ్నను ఈ ప్రాంతంలో నిలబడి దాటవేయలేం. గాజుసామానుకు క్రోమిక్ యాసిడ్, లోహం జిడ్డుకు ట్రైక్లోరో ఇథిలీన్ వాడటం ఒకప్పుడు మామూలు. రెండూ మనిషికి క్యాన్సర్ తెచ్చేవే. పక్కనే ఉన్న పటాన్‌చెరులో పరిశ్రమల కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. అక్కడి పరిశ్రమల ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. కొన్ని రకాల బ్యాక్టీరియాను దెబ్బతీసే మోతాదుకు అది వెయ్యి రెట్ల పైమాటే. కాజీపల్లి చెరువులో యాంటీబయాటిక్‌లకు లొంగని జన్యువులు గుట్టలుగా ఉన్నాయని 2014లో మరో అధ్యయనం చూపింది.

అందుకే పంచ్ కడిగిన నీళ్లను నేను మురికినీళ్లు అనుకోను. అవి మందు కలిసిన నీళ్లు. తొట్టిలో వేయకముందే పొడిని వ్యాక్యూమ్‌తో లాగి, గుడ్డతో తుడిచేస్తే నీటిలోకి చేరేది తగ్గుతుంది. మిగిలిన నీళ్లు సింకులోకో, వాననీటి కాల్వలోకో కాదు, లెక్క రాసి ఈటీపీకి (వ్యర్థజల శుద్ధి కేంద్రానికి) పంపాలి. లిక్విడ్‌లో ఫాస్ఫేటు ఉంటే అది చెరువులో నాచుకు ఎరువవుతుంది.

బరువు పనంతా శబ్దమే మోస్తున్నప్పుడు ఘాటు రసాయనంతో మనకేం పని? కడిగే సత్తా ఉన్నవాటిలో అన్నిటికన్నా సౌమ్యమైనదాన్ని ఎంచుకునే వీలు ఈ యంత్రం ఇచ్చింది. కొనుగోలు ఇండెంటు మీద సంతకం పెట్టేముందు, లిక్విడ్ భద్రతా పత్రంలో 12, 13 విభాగాలు చదవండి. నీటికి, నేలకు అదేం చేస్తుందో, వాడాక ఎలా వదిలించుకోవాలో వాటిలో ఉంటుంది. ధర ఆ తర్వాత చూద్దాం.