సంచి లేకుండా నిలబడటం

వారసత్వ నడకని కాళ్ళతో చదివే పుస్తకం అనుకుంటే, అందులో ఎవరి కథ రాశారు, ఎవరిని వదిలేశారు అని అడగడం విమర్శ పనే. చార్మినార్ నుంచి లాడ్‌బజార్ మీదుగా చౌమహల్లా దాకా పగలూ నడిచాను, రంజాన్ రాత్రీ నడిచాను.

పగటి నడక మన చూపుని పైకెత్తుతుంది. 1591, మహమ్మద్ కులీ కుతుబ్ షా, కమానులు, మినార్లు. ఈ కథలోకి స్త్రీ ఒక్కసారే వస్తుంది, భాగమతిగా. ఆమె అసలు ఉందా అన్నదాని మీద చరిత్రకారులకి ఏకాభిప్రాయం లేదు. హెచ్.కె. షేర్వానీ ఆ కథని ఒప్పుకోలేదు. కులీ కూతురు హయాత్ బక్షీ బేగం మాత్రం కచ్చితంగా బతికిన మనిషి. 1626లో కొడుకు అబ్దుల్లా పసివయసులో గద్దెనెక్కితే రాజ్య వ్యవహారాలు నడిపింది. హయత్‌నగర్ బస్సు బోర్డు మీద మనం రోజూ చదివే పేరు ఆమెదే. రాజు వలచిన ఆడది వారసత్వమైంది, రాజ్యం నడిపిన ఆడది బస్టాపైంది.

చూపు దించితే గాజులు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. లక్కని వేడిచేసి, సాగదీసి, గుండ్రంగా వంచి, రాళ్ళూ అద్దాలూ ఒక్కొక్కటే పొదగాలి. ఇళ్ళల్లో కూర్చుని ఎందరో ఆడవాళ్ళు ఆ పని చేస్తారు. మా నడక ఆ గల్లీల్లోకి తిరగలేదు, దుకాణాల ముందే ఆగింది. అక్కడ బురఖాల్లో బేరమాడుతున్న స్త్రీలు కెమెరాలకి 'పాతబస్తీ వాతావరణం' అయ్యారు.

రంజాన్ రాత్రి సంగతి వేరు. అర్ధరాత్రి దాటినా దుకాణాలు తెరిచే ఉంటాయి. తల్లులు, కూతుళ్ళు, వదినా మరదళ్ళు, రోడ్డు నిండా ఆడవాళ్ళే! ఎంత సంతోషమేసిందో. నేనూ నా స్నేహితురాలూ ఉత్తచేతులతో ఒకచోట నిలబడ్డాం. కాసేపటికోసారి ఎవరో ఒకరు, "క్యా హోనా, బాజీ?" అడగడంలో మర్యాదే ఉంది. "ఏమీ వద్దు, ఊరికే నిలబడ్డాం" అన్న జవాబే ఎవరికీ అర్థం కాలేదు. ఎదురుగా చాయ్ కప్పులతో నిలబడ్డ కుర్రాళ్ళని ఏం కావాలని ఎవరూ అడగలేదు.

శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే ముంబయి గురించి రాసిన 'వై లాయిటర్?' (2011) చెప్పిందీ ఇదే. వీధిలో ఉన్న ఆడది ఏదో పని మీద ఉన్నట్టు కనబడాలి. రంజాన్ రాత్రి మనకి తలుపు తీస్తుంది గానీ, చేతిలో సంచి చూసి తీస్తుంది. పాతబస్తీ ఇంతేనని ముక్కు విరవకండి. కొత్త నగరంలో ఆ సంచి మీద మాల్ పేరుంటుంది, అంతే తేడా.

కమానుల పగుళ్ళు పూడ్చడం, దీపాలు పెట్టడం వారసత్వ రక్షణ కాదని నేననను. పండగ కాని రోజున, ఏ పనీ లేని ఆడమనిషి రాత్రి పదకొండింటికి ఆ దీపాల కింద నిలబడగలగడం కూడా రక్షణలో భాగమే. గాజులు పొదిగే గల్లీనీ, హయాత్ బక్షీ పేరునీ ఆ నడకలో చేర్చమని అడుగుదాం. అడిగేటప్పుడు సంచి ఇంట్లో పెట్టి వెళదాం.