తెల్లని ఎండ

హిమాలయయాత్ర ముగించుకొని వచ్చిన మిత్రుడొకడు, "అంతటి తెలుపు మన సిక్కోలు సీమలో ఎక్కడున్నదయ్యా?" అని ఈ వారము నన్నడిగినప్పుడు నాకు కోపము వచ్చిన మాట నిజము. సంతబొమ్మాళి మండలమందలి నౌపడా ఉప్పుమడులను నడివేసవిలో చూచినవాడెవడును ఆ మాట అనజాలడు.

ఏ వస్తువునైనను పూటపూటకు పరికింపక దానినిగూర్చి వ్రాయరాదన్న నా పాత పట్టుదల ఈ శీర్షిక పాఠకులకు పరిచితమే. మంచుగాని ఉప్పుగాని స్వతహాగా తెల్లనివి కావు. ఒక్కొక్క స్ఫటికము గాజువలె నిర్వర్ణము. అసంఖ్యాకములైన కణముల ముఖములును, వాని నడుమనున్న గాలియు వెలుతురును పలుమారులు విరిచి మరలించుటచేతనే రాశికి ఆ ధవళిమ కలుగును. కొత్తగా కురిసిన మంచు తనపై పడిన వెలుతురులో నూటికి 80 నుండి 90 పాళ్లు తిరిగి పంపును. పొద్దెక్కి, కరగి, రేణువులు లావై, సందులలో నీరు చేరినకొలది ఆ పాలు తగ్గును.

ఉప్పు నడక దీనికి విపర్యయము. నూటికి మూడున్నర పాళ్లు లవణముగల సముద్రజలము మడినుండి మడికి పాఱి, ఎండకు చిక్కనై, ద్రవసాంద్రతను తెలుపు బోమే కొలతలో సుమారు 25 డిగ్రీలకు వచ్చినపుడు బంకమట్టి నేలపై గింజ కట్టును. పలకతో గట్టుకు లాగిన తడి ఉప్పు మొదట బూడిదరంగున నుండి, ద్రవము జారి, సందులలో గాలి చొచ్చినకొలది తెల్లబడి, మధ్యాహ్నమునకు కన్నులు మిఱుమిట్లు గొలుపును. అందలి మెగ్నీషియము లవణములు రాత్రి కడలిగాలిలోని తేమను పీల్చుటచే తెల్లవాఱునప్పటికి మరల మసకబాఱును.

ఆ మధ్యాహ్నశోభను వర్ణించి మిత్రుని నోరు మూయింపవలెననియే కలము పట్టితిని. కాని తలపాగా అంచును కనుబొమలపైకి లాగుకొని, కన్నులు సగము మూసి, ఉప్పు లాగుచున్న వృద్ధుడొకడు, "ఎండ పైనుంచి కన్నా కిందనుంచే ఎక్కువ కొడతాది బాబూ" అని ఒకప్పుడు నాతో అన్న మాట జ్ఞప్తికి వచ్చినది. తలపాగా పైయెండనే ఆపును. మంచుకొండలెక్కువారు నల్లకళ్లజోడు లేక కదలరు. నేలనుండి మరలివచ్చు అతినీలలోహిత కిరణములు కంటి పైపొరను కమల్చి, కొంతకాలము చూపునే హరించునని వారెఱుగుదురు. వారిది కొన్నిదినముల విహారము. వేసవియెల్ల ఆ తెలుపునకు ఎదురుగా వంగి పనిచేసిన ఆ వృద్ధునకు కళ్లజోడు లేదు.

కావున మన తెలుపు హిమాలయమునకు సాటియా కాదా అన్న వాదము నాకిప్పుడు ముఖ్యము కాదు. ఉప్పుమడుల యజమానులారా! పని మొదలగుటకు ముందే ప్రతి కూలికిని నల్లకళ్లజోడు ఇప్పింపుడు. అది కూలిలో కోసుకొనదగినది కాదు. పలకతోపాటు చేతికీయవలసిన పనిముట్టు.