మంచు కింద మన ఊరు

లాలాపేట్‌లో ఉస్మానియా విద్యార్థులు అద్దెకుండే గదులు చాలా ఉన్నాయి. మా బడిలో చదివి ఇప్పుడు పీజీ చేస్తున్న ఒక గోండు పిల్లవాడి గదికి ఈమధ్య మేము వెళ్లాం. గోడకు ఒక క్యాలెండర్ ఉంది. దానిమీద మన ఆదిలాబాద్ గుట్టల ఫోటో. తెల్లవారుజాము, వరుస వెనక వరుసగా గుట్టలు, నడుమ పాలపొంగులా మంచు. పిల్లవాడు దాన్ని చూపించి అడిగాడు.

"సార్, ఇది మన గుట్టే గదా?"

"అవును."

"మరి మన ఊరేది?"

ఊరు మంచు కింద ఉంది. ఆ ప్రశ్నే మాచేత ఈ వ్యాసం రాయించింది.

ముందు ఆ ఫోటోగ్రాఫర్‌కు ఇవ్వవలసిన మెప్పు ఇద్దాం. చీకట్లోనే గుట్ట ఎక్కి, చలిలో కూర్చుని, వెలుగు వచ్చే ఆ కొద్ది నిమిషాల కోసం కాచుకున్నాడు. దగ్గరి గుట్ట నల్లగా, దూరపు గుట్ట నీలంగా, ఇంకా దూరపుది బూడిద రంగులో పడేలా చూశాడు. ఇలాంటి పనిని ఫైన్ ఆర్ట్ ఫోటోగ్రఫీ అంటారు. పత్రికకు వార్తగా ఇవ్వడానికి తీసేది కాదు, తీసేవారి మనసులో ఉన్న భావం కోసం తీసేది. అందులో కష్టం ఉంది, చదువు ఉంది. మా గుట్టలు అంత అందంగా ఉంటాయని మాకూ తెలుసు. మా పేచీ అందంతో కాదు. ఆ అందం కోసం ఏది తీసేశారన్నదే మా ప్రశ్న.

కెమెరా మొదటినుంచీ కొందరిని చూస్తుంది, కొందరిని వదిలేస్తుంది. 1838లో పారిస్‌లో డాగేర్ అనే ఆయన రద్దీగా ఉండే ఒక వీధిని ఫోటో తీశాడు. అప్పటి కెమెరాలో బొమ్మ పడాలంటే నిమిషాలు పట్టేది. అందుకని నడిచే జనం, తిరిగే బండ్లు ఏవీ పడలేదు. వీధి ఖాళీగా కనిపిస్తుంది. ఒక మూలన కదలకుండా నిలబడి బూట్లు పాలిష్ చేయించుకుంటున్న మనిషి మాత్రం పడ్డాడు. ఆయన కాలి దగ్గర పాలిష్ చేసేవాడు మసకగా ఉన్నాడు. ఇప్పుడు కుంటాల జలపాతం దగ్గర కెమెరాను స్టాండు మీద పెట్టి నీళ్లు పాలధారలా రావాలని తీసేవాళ్లు వాడేదీ ఇదే పద్ధతి. నీళ్లు నురుగవుతాయి, రాళ్లు నిలుస్తాయి. ఆ రాళ్ల మీద అటూ ఇటూ తిరిగిన మనిషి మాయమవుతాడు.

ఇది ఒట్టి కెమెరా సంగతి అయితే ఇంత రాయనక్కర లేదు. ఖాళీగా కనిపించే భూమిని లోకం ఖాళీ భూమి అనే అనుకుంటుంది. అమెరికాలో యోసెమిటీ లోయ ఉంది. 1851లో సాయుధ దళం లోయలోకి దిగి అక్కడి ఆదివాసులను తరిమింది. పదేళ్లకు, 1861లో, కార్ల్‌టన్ వాట్కిన్స్ పెద్ద కెమెరాతో ఆ కొండలను తీశాడు. ఆ బొమ్మలు పెద్దల చేతుల్లోకి వెళ్లాయి. 1864లో ఆ లోయను కాపాడే చట్టం వచ్చింది. కాపాడినది రాళ్లను, చెట్లను. తర్వాత ఆన్సెల్ ఆడమ్స్ తీసిన నలుపు తెలుపు బొమ్మలు ఆ లోయను ప్రపంచమంతా తెలిసేలా చేశాయి. అవి గొప్ప బొమ్మలే. అయితే వాటిని చూసి అక్కడ ఒకప్పుడు ఊళ్లు ఉండేవని ఎవరూ అనుకోరు.

మన దగ్గర కవ్వాల్ అడవి 2012లో పులుల అభయారణ్యం అయింది. కడెం మండలంలోని మైసంపేట, రాంపూర్ ఊళ్లు అడవిలోంచి బయటికి తరలాయి. దానికి ఫోటోలు కారణమని మేము అనడం లేదు. కానీ అడవి అనగానే పులి, మంచు, జలపాతం మాత్రమే కళ్ల ముందుకు వచ్చేవారికి, అందులో ఇల్లు, చేను, పేన్ల గుడి ఉన్నాయని చెప్పడం ఎంత కష్టమో మనకు తెలుసు.

మనుషులను తీసేటప్పుడు ఇంకో రకం చెరిపివేత జరుగుతుంది. అమెరికాలోనే ఎడ్వర్డ్ కర్టిస్ ఆదివాసుల బొమ్మలు వేలల్లో తీశాడు. ఒక పీగన్ గుడారంలో ఇద్దరి మధ్య గడియారం ఉంటే, అచ్చు వేసేటప్పుడు దాన్ని చెరిపేశాడు. ఆదివాసి దగ్గర గడియారం ఉండకూడదన్నమాట! మన దండారి రోజుల్లో వచ్చే కెమెరాలూ అంతే. గుస్సాడీ నెమలీకల టోపీ కావాలి, చేతి గడియారం వద్దు, పక్కన మోటారు సైకిల్ వద్దు. బొమ్మ కింద 'ఆదివాసి నృత్యం' అని ఉంటుంది, ఆడినవారి పేరు ఉండదు. మార్లవాయికి చెందిన కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు అదే టోపీ కింద ఒక పేరు, ఒక ఊరు కనిపించాయి. చూసేవారి చూపు అక్కడే మారింది.

ఆ సాయంత్రం లాలాపేట్ నుంచి తార్నాక మీదుగా ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచాం. ఆ మెట్ల ముందు పెళ్లి జంటలు ఫోటోలు దిగుతున్నారు. ఈ ఉస్మానియాలోనే మానవశాస్త్రం బోధించిన హైమెన్‌డార్ఫ్ గురించి పిల్లవాడికి చెప్పాం. 1940లో కొమురం భీం జోడేఘాట్‌లో అమరుడైన తర్వాత నిజాం ప్రభుత్వం ఆయనను మన గూడేలకు పంపింది. 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది. మా వంటి టీచర్లకు అది తొలి మెట్టు. ఆయన తీసిన ఫోటోల్లో గుట్ట ఉంటే దాని ముందు దున్నే మనిషి ఉంటాడు, ఇల్లు ఉంటే గుమ్మంలో ఆడమనిషి ఉంటుంది. అవి కళ కోసం తీసినవి కావు. అయినా మా తాతల ముఖాలు వెతుక్కోవడానికి మేము వాటి దగ్గరికే వెళ్తాం. అలాగని అవి మన చూపు కావు. ఎక్కడ నిలబడాలో, ఎవరిని పిలవాలో నిర్ణయించింది ఆయనే. ఆ బొమ్మలు ఉన్నది లండన్‌లో.

కాబట్టి తోటి టీచర్లకు ఒక మాట. మన ప్రాంతపు ఫోటో ఏది దొరికినా తరగతిలో గోడకు పెట్టండి. పిల్లలను నాలుగు ప్రశ్నలు అడగండి. తీసినవారు ఎక్కడ నిలబడ్డారు? చట్రం బయట ఏముంది? ఇందులో పని చేసేవారు ఎవరు? పేరు రాశారా? ఐదో తరగతి పిల్లలు కూడా చెప్పగలరు, మేము చూశాం.

యువకులకు ఇంకో మాట. మీ చేతిలో ఫోన్ ఉంది. మంచును తీయండి, వద్దనం. మంచు విడిపోయేదాకా ఉండి, కింద కనిపించే ఊరిని కూడా తీయండి. పేన్ల చోట తీసేముందు పెద్దలను అడగండి, వద్దంటే ఫోన్ జేబులో పెట్టుకోండి. తీసిన ప్రతి బొమ్మకూ మనిషి పేరు, ఊరు, తేదీ రాసుకోండి. అందం దానివల్ల తగ్గదు.

ఆ పిల్లవాడు క్యాలెండర్ తీసేయలేదు. నెల మారాక ఆ కాగితం చింపకుండా, మంచు మీద పెన్నుతో ఊరి పేరు రాసి పెట్టుకున్నానని ఫోన్ చేసి చెప్పాడు.