ప్రతిభ అనే మాటను చదవడం

ప్రతిభ అనే మాట అలంకారశాస్త్రం నుంచి బ్యాంకు ఉద్యోగులు చాయ్ తాగే బల్ల దాకా ఎప్పుడు, ఏ దారిన వచ్చిందో చెప్పడం కష్టం. వచ్చేసరికి మాత్రం బాగా చిక్కిపోయింది. దండి కావ్యానికి మూడు కారణాలు చెప్పాడు: పుట్టుకతో వచ్చే ప్రతిభ, నిర్మలమైన పాండిత్యం, ఎడతెగని అభ్యాసం. చెప్పి ఊరుకోలేదు. మొదటిది లేకపోయినా మిగిలిన రెండింటితో శ్రమించినవాణ్ణి వాగ్దేవి అనుగ్రహించకపోదని వెంటనే చేర్చాడు. మమ్మటుడు శక్తి, నైపుణ్యం, అభ్యాసం అనే మూడూ కలిస్తేనే ఒక హేతువు అవుతుంది గాని, విడివిడిగా మూడు హేతువులు కావన్నాడు. రాజశేఖరుడు ప్రతిభనే రెండుగా విడదీశాడు. కవిలో ఉండేది కారయిత్రి, కావ్యాన్ని చదివి గ్రహించేవాడిలో ఉండేది భావయిత్రి. అనగా చదివేవాడికీ ప్రతిభ ఉండాలి. అది లేకపోతే కవి శ్రమ ఫలించదు.

ఎం.ఏ.లో పరీక్ష కోసం చదివి మరిచిపోయే ఈ పాఠాన్ని నాకు మళ్ళీ గుర్తు చేసినవాడు పానగల్‌కు చెందిన నా పాత విద్యార్థి. ఉదయసముద్రం కింద కౌలు చేసుకుని బతికిన దళిత కుటుంబం వారిది. అతను ఇప్పుడు ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో ఆఫీసరు. చేరిన మొదటి నెలలోనే పెద్దవయసు సహోద్యోగి ఒకరు, ద్వేషంతో కాదు, ఆప్యాయంగానే, "నీకేం తమ్మీ, మీకు తొవ్వ సాఫుగ ఉన్నది" అన్నాడట. ఆ మాట అప్పటి నుంచి రకరకాల రూపాల్లో వినిపిస్తూనే ఉన్నది. అతని లెక్క సరిపోతే ఎవరూ మాట్లాడరు. ఎప్పుడైనా తప్పితే మాత్రం తప్పు అతనిది కాదు, కోటాది.

విశేషమేమంటే అతను ఎంపికైంది జనరల్ జాబితాలో. ఏ సడలింపూ వాడుకోకుండా జనరల్ అభ్యర్థులతో సమానంగా మార్కులు తెచ్చుకున్నవాణ్ణి ఆ జాబితాలోనే చేరుస్తారు. ఆ సంగతి వాళ్ళతో ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెప్పుకుంటే పక్క సీట్ల ఉన్న అక్కను నేనే తక్కువ చేసినట్టయితది గద సార్. ఆమె ఎస్సీ పోస్టులనే వచ్చింది" అన్నాడు.

ఈ జవాబు ముందు నా అలంకారశాస్త్ర పాండిత్యం చిన్నబోయింది. సహోద్యోగి అనేవాడు ఒక పాఠకుడు. అతని ముందు ఒక మనిషి ఉన్నాడు, ఆ మనిషి రోజూ చేసే పని ఉన్నది. అతను పని చదవడు, అట్ట మీది పేరు చదివి పుస్తకం మూసేస్తాడు. పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పగలంతా కదలని నీడ ఒకటి పడుతుంది. "నా మీద నీడ గూడ అసొంటిదే సార్, పొద్దు తిరిగినా కదలది" అని నవ్వాడు నా విద్యార్థి. అది ఏ స్తంభం నీడ అని చూడవచ్చినవారంతా వెతుకుతారు. అది ఏ ఒక్క స్తంభానిదో కాదు, స్తంభాలను నిలిపిన తీరూ, వెలుతురు లోపలికి వచ్చే దారులూ కలిసి చేసిన పని. ప్రతిభ విషయంలోనూ మనం ఆ కట్టడాన్నే పరిశీలించాలి.

బ్యాంకు పరీక్ష ఏమి కొలుస్తుంది? లెక్కల్లో వేగం, తర్కం, ఇంగ్లీషు. ఇవి పనికిరానివని నేననను. కాని ఒక వాస్తవం చూడండి. 2019 దాకా గ్రామీణ బ్యాంకుల ఉద్యోగాల పరీక్ష ఇంగ్లీషులోనో హిందీలోనో రాయవలసిందే. తెలుగుతో సహా 13 ప్రాంతీయ భాషల్లో రాయవచ్చునని ప్రభుత్వం ప్రకటించింది ఆ ఏడే. నల్లగొండ జిల్లాలో రైతుతో, పొదుపు సంఘాల ఆడవాళ్ళతో రోజంతా తెలుగులో మాట్లాడవలసిన ఉద్యోగికి పరీక్ష రాసే భాష తెలుగు కాకుండా, ఇంగ్లీషో హిందీయో అయింది. అట్లా ఓడినవారిని మనం ప్రతిభలేనివారి కింద జమకట్టాము.

ఈ గ్రామీణ బ్యాంకులు పుట్టిన కారణం గుర్తు చేసుకుంటే ఇంకా వింతగా ఉంటుంది. 1975లో ఎం. నరసింహం అధ్యక్షతన ఏర్పడిన బృందం, వాణిజ్య బ్యాంకులకు పల్లె తెలియదు గనుక, స్థానిక పరిచయమూ గ్రామీణ సమస్యల అనుభవమూ ఉండే కొత్త బ్యాంకులు కావాలన్నది. ఆ ఏడాది అక్టోబరు 2న మొదటి అయిదు వచ్చాయి. తర్వాత నల్లగొండ, ఖమ్మం జిల్లాలకు నాగార్జున గ్రామీణ బ్యాంకు వచ్చింది. అంటే రిజర్వు బ్యాంకు గవర్నరు కాబోతున్న ఒక తెలుగు ఆర్థికవేత్త, మనిషి పుట్టి పెరిగిన చోటు ఆర్థికరంగంలో ఒక యోగ్యత అని నమ్మాడన్న మాట. అప్పివ్వడం అనే పని అటువంటిది. ఎవరి పూచీకత్తు గట్టిది, ఎవరి పాసు పుస్తకంలో భూమి ఉండి చేతిలో లేదు, ఎవరు ఒక్క పంట పోతే వడ్డీవ్యాపారి దగ్గరికి పోతారు అన్నవి కాగితం మీద సగమే కనబడతాయి. అప్పు కోసం పటేలు ఇంటి ముందు నిలబడ్డ ఇంట్లో పుట్టినవాడికి మిగతా సగం తెలుసు. పరీక్షలో దీనికి మార్కులు లేవు.

"తొవ్వ సాఫుగ ఉన్నది" అన్న ఆ పెద్దమనిషి పక్కా తెలంగాణవాడు. అతను ఆ మాట అనగలగడమే ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో చదువు చెప్పింది. 1948 తర్వాత పాలనా భాష మారింది. ఉర్దూలో చదివినవాళ్ళకు ఇంగ్లీషు రాదు, స్థానికుల్లో అర్హులు దొరకడం లేదు అన్న సాకుతో బయటివారితో కుర్చీలు నింపారు. దాని మీదనే 1952 ముల్కీ ఉద్యమం వచ్చింది, హైదరాబాదులో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. 1969 రెండవసారి. అర్హులు దొరకడం లేదన్న వాక్యం ఎంత అవమానమో తెలంగాణ ఉద్యోగికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ వాక్యాన్ని ఎదిరించి స్థానిక రిజర్వేషన్ అడిగినప్పుడు అది ప్రతిభకు దెబ్బ అని మనకు తోచలేదు, న్యాయమని తోచింది. న్యాయమే. అదే వాక్యం ఇప్పుడు మన నోట, మనకన్న కింద నిలిపినవాడి మీదికి వస్తున్నది. 2024లో గద్వాల ప్రాంతం నుంచి వచ్చిన వ్యవసాయశాస్త్ర పట్టభద్రుడు సి.ఎస్. శెట్టి భారతీయ స్టేట్ బ్యాంకు ఛైర్మన్ అయినప్పుడు మన పాలమూరువాడని అందరం మురిశాము. పుట్టిన జిల్లా చెప్పుకుంటే ఆయన ప్రతిభ పెరిగింది. నా విద్యార్థి పుట్టిన వాడ చెప్పుకుంటే మాత్రం ప్రతిభ తరిగిపోతుంది!

మన అభ్యుదయ మిత్రులలో కొందరు, కులం కాదు, పేదరికం చూడాలి అంటారు. వారి మాట 2019లో చట్టమే అయింది: రిజర్వేషన్ లేని కులాల పేదలకు 10 శాతం. ఆ ఏడాది తమిళనాడులో స్టేట్ బ్యాంకు గుమాస్తా ఉద్యోగాల ప్రాథమిక పరీక్షలో జనరల్, వెనుకబడిన తరగతులు, షెడ్యూల్డు కులాలు – ఈ మూడింటికీ కనీస మార్కు ఒకటే, 61.25. షెడ్యూల్డు తెగలకు 53.75. కొత్త పేదల కోటాకు 28.5. కోటా కొత్తది, ధ్రువపత్రాలు చేతికి వచ్చినవారు తక్కువ కాబోలు. ఆ పిల్లలను నేను నిందించను. నా ప్రశ్న సహోద్యోగులకు. 28.5 వద్ద ప్రతిభ మునిగిపోయిందని చాయ్ బల్ల దగ్గర ఎవరైనా అన్నారా? నా చెవిన పడలేదు.

సమర్థత మాట తీసుకుందాము. భారతీయ రైల్వేల 1980–2002 లెక్కలను అశ్విని దేశ్‌పాండే, థామస్ వైస్కాఫ్ పరిశీలించి 2014లో ప్రచురించారు. రిజర్వేషన్ల వల్ల ఉత్పాదకత తగ్గిందనడానికి వారికి ఆధారం దొరకలేదు. ఇక ఏ కోటా లేని చోట ఏమి జరిగిందో హైదరాబాదువారికి తెలుసు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత, తన సంస్థ లెక్కల్లో 7,000 కోట్లకు పైగా లేని సొమ్ము చూపించానని తానే ఒప్పుకున్నాడు. ఆ లెక్కలను ఏళ్ళ తరబడి తనిఖీ చేసి సంతకం పెట్టినవారు గాని, బోర్డులో కూర్చున్నవారు గాని ఏ రిజర్వేషన్ మీదా రాలేదు. ఆ కుంభకోణం తర్వాత అది వారి కులాల ప్రతిభకు మచ్చ అని ఎవరూ అనలేదు. అనకూడదు కూడా. ఒకడి తప్పు ఒకడిదే కావడం అనే ఆ హక్కునే నా విద్యార్థి అడుగుతున్నాడు.

నానక్‌రామ్‌గూడ అద్దాల మేడల్లో కులం పేరెత్తరు. అక్కడి మాట డైవర్సిటీ. ఆడపిల్ల చేరితే లెక్క కోసం తీసుకున్నారని గుసగుస. అయితే అదే మేడల్లో రిఫరల్ అనే ఏర్పాటు ఉన్నది. పనిచేసేవాడు తనకు తెలిసినవాణ్ణి సిఫారసు చేస్తే, అతనికి ఉద్యోగం వస్తే, సిఫారసు చేసినవాడికి బహుమతి. ఎవరికి ఎవరు తెలుస్తారు? కాలేజీ స్నేహితులు, బంధువులు, తమవాళ్ళు. ఇది పరిచయాల కోటా. దాన్ని మాత్రం ఎవరూ ఆ పేరుతో పిలవరు.

ఆర్థికవిద్యలో ప్రతిభ ఉన్నంత మాత్రాన సహోద్యోగి చదువుతాడన్న భరోసా లేదు. కొలంబియాలో అర్థశాస్త్రం చదివి వచ్చిన అంబేద్కరు 1917లో బరోడా అకౌంటెంట్ జనరల్ కార్యాలయంలో చేరాడు. ఉండడానికి చోటు దొరక్క ఊరు విడిచి వచ్చానని ఆయనే రాసుకున్నాడు. ఆయనది రిజర్వేషన్ ఉద్యోగం కాదు. రూపాయి సమస్య మీద ఆయన పరిశోధన గ్రంథం 1923లో వెలువడింది. ఇవాళ బ్యాంకుల్లో ఆయన పటం ఉంటుంది, ఏప్రిల్ 14న దండ పడుతుంది. ఆ పుస్తకం చదివిన ఆఫీసర్లు ఎంతమందో అడిగి చూడండి.

సంఘాల మాట కూడా చెప్పాలి. బ్యాంకు ఉద్యోగుల సంఘాలలో ఎర్రజెండా బలం చిన్నది కాదు. జీతాల కోసం, ప్రైవేటీకరణకు ఎదురుగా సమ్మెలో భుజం కలిపినవాళ్ళే ప్రమోషన్ల జాబితా వచ్చిన రోజున రెండు గుంపులవుతారు. వర్గ ఐక్యత చెడుతుందని ఆ మాట ఎత్తవద్దంటారు మిత్రులు. ఐక్యత చెడినది ఎత్తినప్పుడా, "తొవ్వ సాఫుగ ఉన్నది" అన్నప్పుడా?

మన కథకులలో బ్యాంకు ఉద్యోగం చేసినవారు తక్కువమంది లేరు. నేను చదివినంతలో వారి కథల్లో బ్యాంకు అంటే అప్పు ఎగవేసిన షావుకారు, మేనేజరు బదిలీ, భార్యకు బంగారం. కోటాలో వచ్చిన ఆఫీసరు కనిపిస్తే జాలిపడవలసినవాడో, నవ్వవలసినవాడో అవుతాడు. ఆ పక్క సీటు ఆమె ఎన్ని సంఘాలకు అప్పులిచ్చిందో, అందులో ఎంత తిరిగి వచ్చిందో ఆ శాఖ లెక్కల్లోనే ఉన్నది. ఆ కాగితాలు తిప్పి ఒక కథ రాయగల మిత్రులు ఈ పత్రిక పాఠకులలోనే ఉన్నారని నాకు తెలుసు.