మొటిమల లేపనము: గురి ఎంత, గుణమెంత?

మొటిమలు ముఖముపైని మురికివలన పుట్టునని పలువురి నమ్మకము. నిజమునకు వాని పుట్టుక రోమకూపము లోపలనే. యౌవనారంభమున ఆండ్రోజనులను హార్మోనులు తైలగ్రంథులలోని గ్రాహకములను చేరి నూనెను అధికముగా ఊరించును. మృతకణములు పేరుకొని కూపము మూసికొనును. లోపల క్యూటిబాక్టీరియం ఆక్నెస్ అను సూక్ష్మజీవి వృద్ధిచెందును, వాపు కలుగును.

ఇందు మొదటి దశకే గురిపెట్టిన లేపనము క్లాస్కోటిరోన్. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 ఆగస్టులో దీనిని 12 ఏండ్లు నిండినవారికి అనుమతించినది. గ్రాహకములో హార్మోను చేరవలసిన చోటును ఈ మందు ముందుగా ఆక్రమించును. దేహములో ప్రవేశించినది త్వరగా కార్టెక్సొలోనుగా మారిపోవును. కావున మ్రింగెడు హార్మోను నిరోధకములవలెగాక, దీనిని బాలురకును వాడవచ్చును. ఊహ చక్కనిది, మెచ్చుకొనవలసినదే.

మరి ఫలితములో? 1,440 మందిపై 12 వారములు రెండు పరీక్షలు జరిగినవి. చర్మము పూర్తిగానో దాదాపుగానో తేటపడినదని వైద్యులు నిర్ణయించినవారు మొదటిదానిలో నూటికి 18.4, రెండవదానిలో 20.3. మందు కలుపని వట్టి లేపనము పూసికొన్నవారిలో 9.0, 6.5. మొటిమలు తమంత తామే హెచ్చుచు తగ్గుచుండును గనుక ఈ పోలిక తప్పనిసరి. పరీక్షాపద్ధతి బోధించు ఉపాధ్యాయునకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు. తేడా నిజమైనదే. అయినను ఐదుగురిలో నలుగురికి ఆ గడువులో ఆ మేలు కలుగలేదు. గ్రాహకమును మూసినంత మాత్రమున, అదివరకే పూడిన కూపము తెరచుకొనదు గదా!

గురి తప్పదనుటయు అతిశయోక్తియే. గరిష్ఠ మోతాదులో రెండు వారములు పూసి చూడగా 42 మందిలో ముగ్గురికి అడ్రినల్ గ్రంథుల పని మందగించినది. మందు మానిన నాలుగు వారములకు సరిపడినది.

అసలు లోపము పోలికలో ఉన్నది. ఆ రెండు పరీక్షలును వట్టి లేపనముతోనే పోల్చినవి. చిరకాలముగా వాడుకలోనున్న బెంజాయిల్ పెరాక్సైడుతో గాని, 1996లో అమెరికాలో అనుమతి పొందిన ఎడపలీనుతో గాని పోల్చలేదు. ఒక్క రకపు రెటినాయిడు గ్రాహకమునకే గురిపెట్టి 2019లో వచ్చిన ట్రైఫారొటీన్ ముఖ్యపరీక్షలును ఇట్టివే. అనుమతికి ఇది చాలును. కాని ముఖమున మొటిమలతో తరగతికి రావలసిన విద్యార్థికి కావలసినది వేరు: పాతమందుకంటె ఇది మేలా? మచ్చలు పడకుండ కాపాడునా? క్లాస్కోటిరోన్ పరీక్షలలో ప్రధానముగా లెక్కించినవి మొటిమల సంఖ్య, వైద్యుని అంచనా. మచ్చల సంగతి తేలుటకు 12 వారములు చాలవు.